నీళ్ళు పోసింది నేను కాదు

మా నాన్న ప్రాణం పోతున్నప్పుడు నేను ఆయన గది గుమ్మం బయట నిలబడి ఉన్నాను. చేతిలో నీళ్ళ చెంబు ఉంది. ఆయన మంచానికీ నాకూ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ వెయ్యలేకపోయాను. ఇది డెబ్బై ఎనిమిదిలో సంగతి. ఆ తర్వాత తొమ్మిదేళ్ళ పాటు మా చుట్టాలూ, మా పల్లె వాళ్ళూ వేరే కథ నమ్మారు. ఆ కథ మొదలుపెట్టింది నేనే.

నాన్న పేరు తవిటయ్య. మాది సబ్బవరం దగ్గర పల్లె. వాన పడితే పండే భూమి చెక్క ఒకటి ఉండేది, అది ఇద్దరికి కూడా తిండి పెట్టేది కాదు. పెళ్ళయిన కొత్తలోనే ఆయన విశాఖపట్నం వచ్చి పోర్టులో కళాసీగా చేరాడు. యంత్రాలు రాకముందు ఓడల్లోకి ముడిఖనిజాన్ని మనుషులే తట్టలతో మోసి పోసేవారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ తట్ట మోశాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీదా, చెవి మడతల్లోనూ ఎర్రటి దుమ్ము ఉండేది. ఎంత తోమినా పూర్తిగా పోయేది కాదు.

నాకు పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. తర్వాత వండిపెట్టిందీ, చొక్కా ఉతికిందీ, బడికి తోలిందీ అంతా ఆయనే. ఆ మరుసటేడు నాకు అమ్మవారు పోసింది. ఒంటి నిండా పొక్కులు. వీధిలో వాళ్ళు మా ఇంటి ముందు నుంచి కూడా నడవలేదు. నాన్న పని మానేసి, వేపరెమ్మ పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. పొక్కులు గోకకుండా నా రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకున్నాడు. ఈ సంగతి నేను ఎప్పుడూ మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే నా తప్పు కొంచెం చిన్నదయ్యేదేమో.

ఎస్సెల్సీ పాసయ్యాక పోర్టులోనే టాలీ క్లర్కుగా చేరాను. ఓడలోకి ఎక్కే బస్తాలు లెక్కరాసే పని. పెళ్ళయింది. నా భార్య గౌరీశ్వరి, నేను, నాన్న, పాత ఊళ్ళో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఎదురింట్లో నజీరు. పరుపులూ దిండ్లూ కుట్టే దుకాణం వాళ్ళది, వెనకే ఇల్లు. అతనూ నేనూ ఒక ఈడు వాళ్ళం, ఆ వీధి మట్టిలోనే ఆడుకున్నాం. చిన్నప్పటి నుంచీ ఒకరినొకరం బావ అని పిలుచుకునేవాళ్ళం. మా నాన్న అతనికి మావ. వాళ్ళమ్మ బీబీజాన్ నాకు పిన్ని. అమ్మ పోయాక ఎన్ని పూటలు ఆవిడ చేతి అన్నం తిన్నానో నాకే తెలీదు.

డెబ్బై ఆరులో నాన్నకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు చేతిరుమాలులో రక్తం కనిపించింది. ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. టీబీ అన్నారు. సూదులు వేసి, మాత్రలిచ్చి, ఏడాదిన్నర విడవకుండా వాడాలన్నారు. నాలుగు నెలలకు ఒంట్లో బాగుందనిపించగానే ఆయనే మానేశాడు. నాకు తెలుసు. గట్టిగా చెప్పలేదు. మళ్ళీ తిరగబెట్టేసరికి ఊపిరితిత్తుల్లో మిగిలింది తక్కువ. అప్పటికే మాకు పాప పుట్టింది, పైడితల్లి అని పేరు పెట్టాం. పసిబిడ్డ ఉన్న ఇల్లు, దూరంగా ఉంచండి అని డాక్టరు చెప్పాడు.

ఆ మాట విన్న రోజునే నాన్న తన దుప్పటీ, కంచం, గ్లాసూ తీసుకుని తనే వీధి గదిలోకి మారిపోయాడు. మేం వెనక గదిలో. అన్నం నేనే పెట్టేవాణ్ణి. మొదట్లో మంచం పక్కన పెట్టేవాణ్ణి. తర్వాత గది మధ్యలో. తర్వాత గుమ్మం దగ్గర పెట్టి, తలుపుకి అడ్డంపెట్టే కర్రతో కంచాన్ని లోపలికి తోసేవాణ్ణి. ముక్కుకి చేతిరుమాలు కట్టుకునేవాణ్ణి. ఒకరోజు కర్రతో తోస్తుంటే ఆయన చూశాడు. నేను ఆగిపోయాను.

"మంచి పనే సేత్తన్నావు," అన్నాడు నాన్న. "సంటిపిల్ల ఉంది కదా. దగ్గిరికి రాకు."

తిట్టి ఉంటే బాగుండేది.

నజీరు మాత్రం రోజూ వచ్చేవాడు. నాన్న పడుకుంటే ఊపిరాడేది కాదు. బూరుగు దూదితో వాలుగా ఉండే పెద్ద దిండొకటి కుట్టుకొచ్చి గోడకు చేర్చాడు. దాని మీద ఆనుకుంటే ఆయనకు కొంచెం నిద్ర పట్టేది. వారానికోసారి గడ్డం గీసేవాడు. మంచం మీద కూర్చుని, పోర్టుకి ఏ ఓడ వచ్చిందో, వీధిలో ఎవరు ఎవర్ని తిట్టారో చెప్పేవాడు. గోడకి ఇవతల అన్నం తింటూ నేను వాళ్ళ నవ్వులు వినేవాణ్ణి. వీడికి భయం లేదు, పిల్లలున్నవాడే అయినా మొండివాడు, నేను జాగ్రత్తపరుణ్ణి అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. నాకు డ్యూటీ లేదు. గౌరీశ్వరి పాపను తీసుకుని ముందురోజే అనకాపల్లిలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. పొద్దున్న పదిగంటలయి ఉంటుంది, దొడ్లో గడ్డం గీసుకుంటున్నాను. దగ్గు వినిపించింది. ఎప్పుడూ వచ్చే దగ్గులా లేదు. మధ్యలో తెగిపోయి, ఏదో ఒలికిన చప్పుడు.

"సూరీ," అని పిలిచాడు నాన్న. "నీల్లు."

చెంబు ముంచి తెచ్చాను. లోగుమ్మం దగ్గరికొచ్చి చూస్తే దిండు మీదా, దుప్పటి మీదా, ఆయన గడ్డం మీదా రక్తం. ముద్దలు ముద్దలుగా. గదంతా పచ్చి ఇనుము వాసన. ముక్కుకి కట్టుకోవడానికి చేతిరుమాలు కోసం జేబు తడుముకున్నాను. బనియనుతో ఉన్నాను. జేబు లేదు. ఆ లేని జేబు కోసం నా చెయ్యి రెండు మూడుసార్లు వెతికింది. నాన్న నన్నే చూస్తున్నాడు.

వీధి తలుపు తెరిచే ఉంది. నేను నిలబడ్డ చోటు నుంచే, మంచం మీద ఉన్న నాన్న మీదుగా, ఎదురింటికి కేక వేశాను.

"బావా! నజీరు బావా! బేగి రా!"

నజీరు పరుగెత్తుకొచ్చాడు. జుట్టులో దూది పింజలు. లోపలికి వస్తూనే నాన్నను ఒక్క చూపు చూసి, సరాసరి నా దగ్గరికొచ్చి చెంబు అందుకున్నాడు. మంచం మీద కూర్చుని నాన్నను పైకి లేపి తన రొమ్ముకి ఆనించుకున్నాడు. తన చొక్కా అంచుతోనే నోరు తుడిచాడు. అరచేతిలోకి నీళ్ళు ఒంపుకుని, కొంచెం కొంచెంగా నోట్లో పోశాడు. మొదటి గుక్క బయటికొచ్చేసింది. రెండోది దిగింది. గొంతు కదలడం నాకు కనిపించింది.

"సూరి ఇక్కడే ఉన్నాడు మావా. నీ ఎదరే ఉన్నాడు," అన్నాడు నజీరు. తర్వాత నాతో, "రా బావా. వచ్చి సెయ్యట్టుకో. నిన్నే సూత్తన్నాడు."

కుడికాలు గుమ్మం లోపల పెట్టాను. అప్పుడు నాన్న చెయ్యి పైకి లేచింది. దగ్గరికి రమ్మన్నాడో, రావద్దన్నాడో నాకు తెలీదు. రావద్దన్నాడని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను. ఇదొక్కటి మాత్రం తెలుసు.

ఆ చెయ్యి నజీరు పట్టుకున్నాడు. ఇంకో నాలుగైదు ఊపిర్లు తీశాడు నాన్న. ఆగిపోయింది.

నజీరు ఆయన కళ్ళు మూసి, మెల్లగా దిండు మీదికి వాల్చి, పెదాలు కదుపుతూ ఏదో చదువుకున్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "ఇప్పుడేనా లోపలికి రా."

వెళ్ళాను. నాన్న చెయ్యి పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. భయం వెయ్యలేదు. ఇక దగ్గనివాడంటే భయమేముంది?

పల్లెకీ, అనకాపల్లికీ మనుషుల్ని పంపాం. మూడుగంటలకి మా మేనత్త ఆదిలక్ష్మమ్మ వచ్చింది. నాన్నకి పెద్దక్క. చిన్నప్పుడే మొగుడు పోయి, పిల్లల్లేక, తమ్ముణ్ణే కొడుకులా పెంచిన మనిషి. వచ్చీ రావడంతోనే శవం మీద పడి ఏడ్చింది. లేచి, నా రెండు భుజాలూ పట్టుకుని అడిగింది.

"ఆఖర్ని నీల్లెవులు పోసారురా? నా తమ్ముడి గొంతు తడిసిందా?"

వీధిలో వాళ్ళంతా ఉన్నారు. పోర్టు నుంచి వచ్చిన వాళ్ళున్నారు. స్నానం చేసి చొక్కా మార్చుకొచ్చిన నజీరు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"నానే పోసాను అత్తా," అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. సాయిబు చేతి నీళ్ళంటే అత్త ఏమంటుందో అని భయపడ్డాను, అది కొంత. కానీ అసలు కారణం అది కాదు. అందరూ నా వైపు చూస్తున్నారు. లేదు అనడానికి నోరు రాలేదు.

"అప్పుడు దగ్గిరెవులున్నారు?" అని అడిగింది అత్త.

నేను నేల చూశాను.

"నానున్నాను పెద్దమ్మా," అన్నాడు నజీరు. "బావే ఒళ్ళో ఎట్టుకుని పోసాడు. మావ తాగాడు."

తను చేసిన పనిని చొక్కా విప్పినట్టు విప్పి నాకు తొడిగాడు. అత్త నన్ను గుండెకి హత్తుకుంది. "కొడుకంటే నువ్వురా," అంటూ నా తల నిమిరింది. అత్త భుజం మీంచి నజీరు వైపు చూశాను. అతను అప్పటికే పక్కకు తిరిగి వెదుళ్ళు తెచ్చిన వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

పెద్దకర్మ పల్లెలో చేశాం. అప్పటికే ఆ మాట పెరిగి పెద్దదైంది. టీబీ అని కూడా చూడకుండా, రక్తం కక్కుతున్న తండ్రిని ఒళ్ళో పెట్టుకున్నాడట అని చెప్పుకున్నారు. నజీరు వచ్చాడు. అత్త అతనికి పశువుల శాల అరుగు మీద వేరే విస్తరి వేయించింది. కావాలని అవమానించడానికి కాదు, ఆవిడకి తెలిసిన పద్ధతి అది. నేను పెద్దల వరసలో మజ్జిగ వడ్డిస్తున్నాను. అరుగు మీద ఒక్కడే కూర్చుని తింటున్న నజీరు కనిపిస్తూనే ఉన్నాడు. రెండడుగులు వేసి అతని విస్తట్లో మజ్జిగ పొయ్యొచ్చు. పొయ్యలేదు. అతను తిని, విస్తరి తనే మడిచి తీసుకెళ్ళి పారేసి, బస్సు టైమయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ మా చుట్టాల్లో నా పేరు ఒక సామెతయింది. తల్లిదండ్రుల్ని సరిగా చూడని వాళ్ళను తిట్టాలంటే, "అప్పలసూరిని సూసి నేర్సుకోండి" అనేవారు. పెళ్ళిళ్ళకి వెళ్తే ముసలివాళ్ళు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. అది వినయం అనుకునేవారు.

నజీరు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎప్పటిలాగే "బావా, టీ తాగావా" అనేవాడు. అదే నాకు భరించరానిదైంది. పొద్దున్న తలుపు తీస్తే ఎదురుగా అతను విల్లుతో దూది ఏకుతూ ఉండేవాడు. ఆ చేతులు చూడగానే తలుపు మళ్ళీ వేసేసేవాణ్ణి. రెండేళ్ళు ఓర్చుకుని ఎనభైలో ఇల్లు మార్చేశాను. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై గాజువాక వైపు కొత్త కాలనీలు లేస్తున్న రోజులు. పాపకి మంచి గాలి అన్నాను. గాలి కోసం కాదు. సామాను రిక్షాలోకి ఎక్కించింది నజీరే. బీబీజాన్ పిన్ని పాపకి చిన్న పరుపు కుట్టి ఇచ్చింది. అప్పుడప్పుడూ వస్తుంటామని చెప్పాను. వెళ్ళలేదు.

ఎనభై మూడులో పిన్ని పోయింది. జెట్టీలో పనిచేసే ఒకతని చేత నజీరు కబురు పంపాడు. మట్టి చెయ్యడానికి ఇంకా మూడుగంటల టైముంది. డ్యూటీ వదలడానికి వీల్లేదు అని చెప్పి పంపించాను. ఆ రోజు నాకు డ్యూటీ అప్పుడే అయిపోయింది. ఇంటికెళ్ళే బస్సెక్కి కూర్చున్నాను.

ఎనభై ఏడు వానాకాలంలో పల్లె నుంచి కబురొచ్చింది. ఆదిలక్ష్మమ్మ అత్తకి గుండె దెబ్బతిని ఒళ్ళంతా నీరు పట్టింది. పెద్దాసుపత్రి వాళ్ళు ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే. సూరి వచ్చి దగ్గరుండాలి. తమ్ముణ్ణి సాగనంపిన చేతుల్లోనే తనూ పోవాలి.

కబురు తెచ్చిన మనిషి వెళ్ళాక తలుపు మూసి వచ్చాను. సెలవు దొరకదేమో అన్నాను.

గౌరీశ్వరి బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, "ఎళ్ళు," అంది. "ఈసారేనా ఎళ్ళు."

"ఈసారేనా అంటే ఏటి?"

"మావయ్య పోయిన నాడు నాను మజ్జానం వచ్చాను. నువ్వు ఇప్పీసిన బనీను నానే ఉతికాను. తెల్ల బనీను. ఒక్క మరక నేదు. పక్క సూత్తే అంత రగతం, నీ మీద సుక్క నేదు." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "ఎదరింట్లో పిన్ని తీగ మీద మాత్రం నజీరు సొక్కా ఆరేసుంది. ఎంత ఉతికినా మరక పోనేదు దానికి," అంది.

తొమ్మిదేళ్ళుగా ఆమెకి తెలుసు. చుట్టాలు నన్ను పొగుడుతుంటే పక్కన కూర్చుని విన్నది. ఆ పూట నేను గౌరీశ్వరి మొహం వైపు చూడలేకపోయాను. బట్టలు సంచిలో కుక్కుకుని బస్టాండుకి వెళ్ళిపోయాను.

అత్త చావిట్లో మంచం మీద ఉంది. కాళ్ళు దిమ్మల్లా వాచిపోయాయి. పడుకోలేదు, కూర్చోలేదు. నన్ను చూడగానే మొహం విప్పారింది. చూడవచ్చిన ఆడవాళ్ళందరికీ చెప్పింది. "మా సూరి వచ్చీసాడు. ఇంక నాకు బయం నేదు. ఈడు గుండె గట్టోడు." వచ్చిన ప్రతి మనిషికీ నాన్న కథ చెప్పేది. ఆయాసంతో రెండేసి మాటలుగా చెప్పేది. నేను పక్కనే కూర్చుని ఆవిడ కాళ్ళు ఒత్తుతూ ఉండేవాణ్ణి.

రెండ్రోజులు విన్నాను. మూడోరోజు మధ్యాహ్నం చావిట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆవిడ నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. "ఈ సేత్తోనే కదరా నా తమ్ముడికి పోసావు," అంది.

"నాను కాదు అత్తా," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "నాన్నకి నీల్లు పోసింది నాను కాదు. నజీరు పోసాడు. నాను గదిలోకే ఎళ్ళనేదు. బయపడ్డాను."

అత్త నన్నే చూసింది. చెయ్యి వదల్లేదు. పట్టు మాత్రం సడలింది.

"నా తమ్ముడు నిన్ను సూసాడా?"

"సూసాడు."

"నువ్వెక్కడున్నావు?"

"గుమ్మం అవతల."

మొహం గోడవైపు తిప్పుకుంది. నన్ను తిట్టలేదు. అటు తిరిగే అంది. "ఆ నజీరుకి నాను శాల అరుగు మీద ఇస్తరేసాను కదరా." తర్వాత, "ఎళ్ళి తీసుకురా. ఓపాలి సూత్తాను."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఏడేళ్ళ తర్వాత ఆ వీధిలో అడుగుపెట్టాను. నజీరు దుకాణంలో ఇప్పుడు దూది ఏకే మెషీను ఉంది. అతని గడ్డం సగం నెరిసింది. నన్ను చూసి మెషీను ఆపాడు.

"ఏటి బావా, తోవ తప్పీసావా?"

అత్త సంగతి చెప్పాను. నేను చెప్పేసిన నిజం గురించి చెప్పాను. నజీరు మొహం మారిపోయింది.

"సెప్పీసావా? ఎందుకు?"

"మొయ్యలేకపోయాను బావా."

"నువ్వు మొయ్యలేపోతే సచ్చిపోతన్న ముసిల్దాని నెత్తిమీద ఎట్టీసావా?"

నిజం చెప్పి ఒక మంచి పని చేశానని బస్సులో వస్తున్నంతసేపూ అనుకుంటున్నాను.

"నీకు బయం నేదు కాబట్టి..." అని ఏదో అనబోయాను.

"నాకు బయం నేదని ఎవులు సెప్పారు నీకు?" గొంతు పెద్దదైంది. లోపల నుంచి అతని భార్య తొంగిచూసింది. "మీ ఇంటి నుంచి వచ్చిన ప్రెతిసారీ ఫినాయిలేసి సేతులు కడుక్కునీవోణ్ణి. నా పిల్లల పక్కలో తొంగోనేదు ఆర్నెల్లు. మా అమ్మ ఎళ్ళొద్దని ఏడిసీది. ఆ రోజు నువ్వు కేకేత్తే గుండె జారిపోయింది నాకు. అయినా ఎళ్ళాను. మావ కదా."

అన్నేళ్ళూ నా దగ్గరున్న ఒకే ఒక్క సాకు అదే. వాడికి భయం లేదు, నాకుంది అని. అది కూడా పోయింది.

"అబద్దమాడినందుకు నాను నిన్నేటీ అనుకోనేదు," అన్నాడు నజీరు. ఈసారి మెల్లగా. "ఆడింది నాను కూడాను. నువ్వు సిగ్గుపడ్డం సూళ్ళేక ఆడాను. కానీ ఈది మార్చీసావు. మా అమ్మ పోతే కబురెట్టాను. నిన్ను సాకిన మనిసి అది. రానేదు నువ్వు. అదీ నాకు కట్టం."

"తప్పే బావా."

"తప్పే."

అత్త పిలిచిందని మళ్ళీ అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నాను రాను. కోపం కాదు. నన్ను సూత్తే ఆవిడికి నువ్వు రానేదన్న మాటే గురుతొత్తాది. ఆవిడికి కావలిసింది నువ్వు. ఇక్కడ కూకుని ఏటి సేత్తావు? ఆవిడొక్కర్తీ ఉంటాది. ఎళ్ళు."

మధ్యాహ్నానికి పల్లె చేరాను. అప్పటికి అత్తకి ఆయాసం ఎక్కువైంది. "రానన్నాడు అత్తా," అన్నాను. "ఎందుకొత్తాడు," అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

ఆ పట్టు ఇక వదల్లేదు. నిజం చెప్పకముందు నా చెయ్యి పట్టుకున్న తీరు వేరు, ఇది వేరు. నేను కొంచెం కదిలితే కళ్ళు తెరిచేది.

"సూరీ, ఉన్నావా?"

"ఉన్నానత్తా."

"ఎలిపోవు కదా?"

"ఎళ్ళను."

నీళ్ళు తేవడానికి లేస్తే భయంతో మూలిగేది. ఎవరినైనా పిలిచి తెప్పించేవాణ్ణి. అయిదు నిమిషాలకోసారి అదే ప్రశ్న. నేను నిజం చెప్పకముందు రెండ్రోజులూ ఆవిడ నిశ్చింతగా ఉంది. చావు వస్తోందని తెలిసీ పచ్చడి ఎలా పట్టాలో చెప్తున్నంత మామూలుగా, పక్కింటి వాళ్ళకి తన పాడెకి ఏ పొదలో వెదుళ్ళు కొట్టాలో చెప్పింది. ఆ ధైర్యం నా మీద పెట్టుకున్నది. దాన్ని నేనే తీసేశాను. నా గుండె తేలికవ్వడం కోసం తీసేశాను. నాన్న దగ్గర పిరికివాణ్ణయ్యాను. ఇక్కడ ధైర్యం చేశాననుకుంటే, అది కూడా నాకోసమే అయింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, బయట వాన పడుతుండగా, అత్తకి ఊపిరి తీయడం కష్టమైంది. ఆవిణ్ణి లేపి నా రొమ్ముకి ఆనించుకున్నాను. ఒళ్ళు చల్లబడుతోంది. నా చేతులు వణికాయి. ఆవిడకి తెలిసింది.

"ఒనుకుతన్నావేటిరా?"

"బయమేత్తంది అత్తా."

"ఎలిపోతావా?"

"నేదత్తా. ఇక్కడే ఉంటాను."

చెంచాతో నీళ్ళు పోశాను. రెండు చెంచాలు తాగింది. మూడోది పెదవి మీదుగా జారిపోయింది. ఇంకోసారి "ఉన్నా..." అంది. మిగతా అక్షరం రాలేదు. ఉన్నాను, ఉన్నాను అని నేను చెప్తూనే ఉన్నాను. ఎప్పుడు వినడం మానేసిందో నాకు తెలీలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడుపు మొదలెట్టాకే తెలిసింది. ఆవిడ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీసుకున్నాను.

కార్యం రోజున ఊరి పెద్ద వీరన్న అందరి ముందూ లేచి, ఇద్దర్నీ తన చేతుల మీదుగా సాగనంపిన పుణ్యాత్ముడు అప్పలసూరి అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. తండ్రికి నీళ్ళు పోసింది నేను కాదని, నా స్నేహితుడు నజీరు పోశాడని, నేను గుమ్మం బయట నిలబడ్డానని, తర్వాత అబద్ధం చెప్పానని అందరికీ వినపడేలా చెప్పాను. వీరన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అత్త పోయిన దుక్కంలో ఏటేటో అంటన్నాడు, పాపం," అన్నాడు జనంతో. "కూకో నాయినా, కూకో."

ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఒక ముసలావిడ నా తల నిమిరి, ఇంత చేసీ గొప్ప చెప్పుకోడు చూడు అంది. ఇంకోసారి చెప్పబోయాను. వినేవాళ్ళు లేరు. విస్తళ్ళు వేస్తున్నారు.

ఆ తర్వాతి ఆదివారం నజీరు దగ్గరికి వెళ్ళాను. ముందు పిన్ని సమాధి ఎక్కడో అడిగి, అక్కడికి వెళ్ళొచ్చాను. దుకాణంలో అతను దిండుకి మూతి కుడుతున్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను పక్కనున్న పరుపుల చుట్ట మీద కూర్చున్నాను. అత్త పోయిందనీ, కార్యంలో అందరి ముందూ చెప్పాననీ, ఎవరూ నమ్మలేదనీ చెప్పాను. అతను సూది రెండుమూడుసార్లు పైకీ కిందికీ ఆడించాడు.

"ఆవిడ బయపడిందా?" అని అడిగాడు.

"బయపడింది," అన్నాను. "ఆఖరి దాకా."

నజీరు దారం కొరికి, దిండు పక్కన పెట్టి, ఇంకో గలేబు అందుకున్నాడు. నేను ఆ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను.